శోషవ్వ కాలువ

ఊటకోన రాజ్యంలో నీళ్ళకు కరువు లేదు, మాటలకు అంతకన్నా లేదు. ఒకరు తుమ్మితే పదిమంది వైద్యం చెప్పే ఊరది. అలాంటి రాజ్యానికి ఒకే ఒక్క మాట వల్ల పెద్ద కష్టం వచ్చి పడిందంటే మీరు నమ్ముతారా? నమ్మకపోయినా సరే, ముందు కుదురుగా కూర్చోండి. తరువాత నేనే లేవమంటాను.

ఆ రాజ్యాన్ని ఏలే కీర్తిధర మహారాజుకు ఒక్కతే కూతురు, పేరు కువలయ. ఆమె పుట్టిన వారానికే మహారాణి కన్నుమూసింది. అప్పుడు నీరుగంటి ఓబన్న భార్య గంగులమ్మ ఆ పసిగుడ్డును ఒడిలోకి తీసుకుంది. నీరుగంటి అంటే తూములు ఎత్తి దించి, ఏ మడికి ఎంత నీరు పోవాలో అంతే వదిలే మనిషి. గంగులమ్మకు అప్పటికే నెల పిల్ల ఉంది, సుంకులమ్మ. అందరూ సుంకీ అనేవారు. రాకుమారి ఒకవైపు, సుంకి ఒకవైపు, ఇద్దరూ ఒకే తల్లి పాలు తాగి పెరిగారు.

పెరిగే కొద్దీ ఇద్దరికీ అల్లరి కూడా సమానంగా అబ్బింది. వాళ్ళ మధ్య ఒక రహస్యపు గుర్తు ఉండేది. వెంటవెంటనే రెండుసార్లు గిల్లితే "లే, పోదాం పద" అని అర్థం. పంతులుగారు శ్లోకం వల్లె వేయిస్తూ కళ్ళు మూసుకున్నారో లేదో, సుంకి రెండు గిల్లుళ్ళు గిల్లేది. ఆయన కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ కాలువ గట్టు మీద పరుగు తీస్తూ ఉండేవారు.

ఇద్దరికీ పద్నాలుగేళ్ళు వచ్చాయి. ఆ ఏడు కువలయ ఏదో దూరపు పెళ్ళికని పది రోజులు పల్లకీలో ముడుచుకు కూర్చుని వెళ్ళి, మళ్ళీ పది రోజులు అలాగే కూర్చుని తిరిగి వచ్చింది. వచ్చేసరికి కుడికాలు వాచి ఉంది. మొదట పట్టీ బిగుతైంది. నాలుగు రోజులకు చీలమండ ఎక్కడుందో కనిపించలేదు. అదే సమయానికి కరక్కాయ ముని కోట దారిన పోతూ రాకుమారిని చూశాడు. ఆయన మహావైద్యుడు, కానీ పరమ మాటపొదుపరి. కాలు నొక్కి చూసి, "శోషరసం కదలడం లేదు" అని ఒక్క ముక్క చెప్పి, కరక్కాయ బుగ్గన పెట్టుకుని అడవికి వెళ్ళిపోయాడు.

ఆ ముక్కను పట్టుకుని కొలువంతా తర్జనభర్జన పడింది. శోష అంటే తెలియనిదెవరికి? మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడితే శోష వచ్చి పడిపోతారే, అదే కదా! ఆస్థాన వైద్యుడు ధన్వాచారి గడ్డం నిమురుకుంటూ లేచాడు.

"మహారాజా, శోషరసమంటే శోష తెప్పించే రసం. అది కదలడం లేదని మునీశ్వరులు సెలవిచ్చారు. మన అదృష్టం! కదిలిందా, తలకెక్కుతుంది. రాకుమారి శోష వచ్చి పడిపోతే ఇక లేవదు. కాబట్టి ఆమెను మంచం దిగనివ్వకూడదు" అన్నాడు.

ఎంత చక్కగా చెప్పాడో చూశారా? వినడానికి ఎక్కడా లొసుగు కనిపించదు. అదే దాంతో వచ్చిన చిక్కు.

నలభై రోజులు కువలయను పూచికపుల్ల కదిలినంత కూడా కదలనివ్వలేదు. వాపు రక్తం వల్లనేమోనని చీలమండకు జలగలు పట్టించారు. రక్తం పోయింది గానీ వాపు పోలేదు. కాలు అరటిబోదె అంతయింది. చివరికి పొరుగు దేశం నుంచి కోతవైద్యుణ్ణి పిలిపించారు. ప్రాణం దక్కాలంటే కాలు తీసేయక తప్పదని ఆయన చెప్పాడు. నాలుగో రోజు పొద్దు గుంకే వేళకు ముహూర్తం పెట్టారు.

సుంకి ఆ మాట విని పరుగున వచ్చి మంచం పక్కన కూర్చుంది. కువలయ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"సుంకీ, కాలు లేకుండా కాలువ గట్టు మీద ఎలా పరుగెత్తుతానే? నాకు భయంగా ఉంది."

ఏడిస్తే ఇద్దరూ ఏడవాల్సి వస్తుందని సుంకి కోపం తెచ్చుకుంది. "మడిలో నీళ్ళు నిలిచినాయంటే యాడనో తూము మూసుకున్నట్టు. తూము చూడాల గానీ మడి తవ్వి పారేస్తారా ఎవురైనా? ఆ మాట చెప్పిన ముసలాయన్నే అడిగొస్తా. నేనొచ్చేదాకా కాలు జాగర్త!" అంది.

తండ్రి తూము దగ్గర వాడే చిన్న కర్రను చేతికిచ్చాడు. తల్లి రాగిసంకటి మూట కట్టిచ్చింది. సుంకి అడవి దారి పట్టింది.

ఒక పగలంతా నడిచాక రెండు కొండల నడుమ ఇరుకు దారి వచ్చింది. ఆ దారికి అడ్డంగా బండి అంత జంతువు ఒకటి పడుకుని ఉంది. ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, సన్నని మూతి, నేలంతా పరుచుకున్న తోక.

"ఆగు. నేనెవర్నో చెప్పి దాటు" అంది ఆ జంతువు.

"అలుగువి. చీమల్ని తినే అలుగువి. ఇంత పెద్ద అలుగును మాత్రం ఇప్పుడే చూస్తాండా."

"మరి మీ చెరువు నిండితే మిగులు నీళ్ళు పొర్లిపోయే చోటును ఏమంటారు?"

"అదీ అలుగే."

"అదెలా కుదురుతుంది? నా వీపు మీద నీళ్ళు పొర్లుతున్నాయా? లేక మీ చెరువు చీమల్ని తింటోందా?"

సుంకికి నవ్వొచ్చింది. "మాట ఒకటే గానీ దాని కింద వస్తువులు రెండు. దానికి నేనేం చేసేది?"

"అలుగు పారింది అని ఎవరైనా అన్నారనుకో. నీళ్ళు పారాయా, నేను పారిపోయానా? ఎలా తెలుసుకుంటావు?"

"చెప్పినోళ్ళు ఎవురో చూస్తా. మా నాయన చెప్తే నీళ్ళు. వేటగాడు చెప్తే నువ్వు."

అలుగు సంతోషంతో తోక నేలకేసి కొట్టింది. దుమ్ము రేగి ఇద్దరూ తుమ్మారు. "ఈ దారిన పోయిన పండితులెవరూ ఇంత సులువుగా చెప్పలేదు. నా వీపు మీద ఎక్కు. ముని దగ్గరికి నేనే తీసుకుపోతాను, మళ్ళీ కోట దాకా నేనే దింపుతాను" అంది.

దాని వీపు మీద ఊగుతూ పోతుంటే సుంకికి ఒక అనుమానం పురుగులా తొలవసాగింది. ఒక మాటకు రెండు అర్థాలుంటే, 'శోష' అన్న మాటకు కూడా ఇంకోటి ఉందేమో!

కరక్కాయ ముని రోట్లో ఏదో నూరుతున్నాడు. సుంకి కాళ్ళకు మొక్కి, "సామీ, శోష అంటే ఏంది?" అని అడిగింది.

"ఎవరన్నప్పుడు?"

"మీరన్నప్పుడు."

ముని పొత్రం ఆపాడు. సుంకి నలభై రోజుల కథంతా చెప్పింది. వింటున్న కొద్దీ ఆ ముసలి ముఖం పాలిపోయింది. "కదలడం లేదన్నాను తల్లీ! కదలకూడదన్నానా? అయ్యో, నా మాటపొదుపు పసిదాని కాలి మీదికి తెచ్చిందే!" అని నుదురు కొట్టుకున్నాడు.

తరువాత ఆయన నిదానంగా చెప్పాడు. "ఇప్పుడు నేనొచ్చి వంద మాటలు చెబితే మీ ధన్వాచారి వెయ్యి చెబుతాడు. పైగా నలభై రోజులు ఆగిన కాలువలో ఎవడో ఒకడు తిష్ఠ వేసే ఉంటాడు. వాణ్ణి లోపలి నుంచే లేపాలి. ఇదిగో అణిమ గుళిక. నోట్లో ఉన్నంతసేపు ఆవగింజలో వెయ్యోవంతు అవుతావు. ఒక్క పగలుకు కరిగిపోతుంది. ఆలోగా బయటపడాలి. లోపల ఏముందో నేను చెప్పను. ఈసారి నీ కళ్ళతో చూసి అర్థం చేసుకో."

గడువు రోజు పొద్దు పొడిచేసరికి అలుగు ఆమెను కోట వెనక దింపింది. సుంకి కువలయ చెవిలో, "లోపలికి పోతాండా. మన గుర్తు యాదికుంది గదా?" అంది.

"ఉంది. కానీ కదిలితే శోష వస్తుందంటున్నారే!"

"ఆ సంగతే చూసొస్తా."

గుళిక నోట్లో వేసుకోగానే సుంకి, చేతిలోని కర్రతో సహా, కంటికి కనబడనంత చిన్నదైపోయింది. గంగులమ్మ ఆమె నిలబడిన చోట దర్భ కొస ఆనించి ఎక్కించుకుని, రాకుమారి చీలమండ మీద జలగ పట్టిన పచ్చి గాటు దగ్గర వదిలింది.

సుంకి జారి ఒక పెద్ద ఏట్లో పడింది. ఎర్రటి ఏరు అనుకుంది గానీ, తేరిపార చూస్తే నీరు ఎరుపు కాదు, ఎండుగడ్డి రంగు. ఎర్రగా ఉన్నవి దాని మీద కొట్టుకుపోతున్న గుండ్రటి తెప్పలు. లక్షలు కాదు, కోట్లు! వెనక్కి తిరిగి చూస్తే తను వచ్చిన గాటు దగ్గర నీటిలోంచి దారాలు పుట్టుకొచ్చి, చాప అల్లినట్టు అల్లుకుపోతున్నాయి. వచ్చిన దారి మూతపడింది.

"నా గట్టు తెగితే నేనే కుట్టుకుంటాను. చూశావా నా పనితనం?" అని ఒక గొంతు వినబడింది. ఒక తెప్ప మీద పసుప్పచ్చ తలపాగా చుట్టిన దొర కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. "నేను పీతాంబర దొరను. ఈ ఏటి నీరంతా నేనే. నువ్వెవరివి?"

పిల్లలూ, మీ సైన్సు పుస్తకంలో ఈయన్నే ప్లాస్మా అంటారు. రక్తంలోంచి తెప్పలన్నీ తీసేస్తే మిగిలే నీరు ఈయనే. ఆ పేరు ఆయనకు చెప్పకండి, అసలే గర్వం ఎక్కువ.

"నీరుగంటోళ్ళ బిడ్డనయ్యా. ఈ కాల్లో నీళ్ళు నిలిచినాయి. మీ నీళ్ళేనా అవి?"

"నా నీళ్ళు నిలవడమా! ఎక్కు, చూపిస్తాను."

సుంకి తెప్ప ఎక్కింది. ఏరు పైపైకి పోయి ఒక పెద్ద గుహలో పడింది. అక్కడ దబ్ దబ్ మని గోడలే నెడుతున్నాయి. అదే గుండె. అది ఒక తోపు తోస్తే ఊపిరితిత్తుల్లో తెప్పలు గాలి నింపుకున్నాయి. మళ్ళీ గుండెకు వచ్చి ఇంకో తోపు తినేసరికి ఏరు కాలి దారి పట్టి దూసుకుపోయింది. సుంకి తలపాగా చెంగు గట్టిగా పట్టుకుంది.

"చూశావా? పోతాను, వస్తాను. చుట్టూరా తిరగడమే నా పని. నిమిషం పట్టదు" అన్నాడు దొర.

పాదం చేరేసరికి ఏరు వెంట్రుక కన్నా సన్నని పాయలుగా చీలింది. తెప్పలు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుంటూ పోతున్నాయి. పాయల గోడల్లో సన్నని సందులున్నాయి. నీరు ఆ సందుల్లోంచి చెమ్మగిల్లి అవతలికి పోతోంది.

"దొరా, నీ గట్టు ఊటలు కారతాండాది!"

"కారనీ. అవతల కండ మడులున్నాయి. వాటికి తిండీ నీరూ అందేది అలాగే. నేను మోసే మాంసకృత్తుల పెద్ద మూటలు ఆ సందుల్లో పట్టవు, ఒకటీ అరా జారితే జారతాయి. పదింట తొమ్మిది పాళ్ళు నీరు నేనే మళ్ళీ లాక్కుంటాను."

"మిగిలిన పాలు యాడికి పోతుంది?"

దొర తలపాగా సర్దుకున్నాడు. "ఏమో. నాకెందుకు?" అన్నాడు.

నీరుగంటి పిల్లకు ఆ జవాబు చాలదు. మడికి పెట్టిన నీటికి బయటికి పోయే దారి లేకపోతే పైరు కుళ్ళిపోతుంది. సుంకి కర్ర చేతబట్టి ఒక సందులోంచి అవతలికి జారింది.

అక్కడ ఎటు చూసినా నిలవ నీరే. కండ మడులన్నీ మునిగిపోయి ఉబ్బి ఉన్నాయి. సుంకి మోకాటి లోతున నడుస్తూ మురుగు కాలువ మొదలు కోసం వెతికింది. చివరికి ఒక మూల, లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపు కనబడింది. తలుపు పక్కన ఒక అవ్వ కూర్చుని ఉంది. ఎంత తేటగా ఉందంటే, ఆమెలోంచి వెనక గోడ కనబడుతోంది.

"ఎవురు బిడ్డా? ఈడికి మనుషులు రారే" అంది అవ్వ.

సుంకి పేరు చెప్పి, "నువ్వెవురవ్వా?" అంది.

"నన్ను శోషవ్వ అంటారు. ఊరిన నీళ్ళను పీల్చుకోని పోతా కాబట్టి ఆ పేరు. శోషించుకునేదాన్ని, శోషవ్వను."

సుంకి కర్ర జారవిడిచింది. "అంటే శోషరసం అంటే శోష తెప్పించేది కాదా! పీల్చుకునేదా! అయ్యో ధన్వాచారీ, నీ గడ్డం తగలెయ్య!"

అవ్వ బోసినోటితో నవ్వింది. సుంకి పక్కన కూలబడి అడిగింది. "అవ్వా, నువ్వు ఆ దొర నీళ్ళేనా?"

"ఆయన నీళ్ళే తల్లీ. గోడ దాటేదాకా ఆయన పేరు. దాటినాక మడి నీళ్ళు. నా తలుపులో పడినాక నా పేరు. నాలో ఎర్ర తెప్పలు ఉండవు. ఆయన అంత చిక్కన కాదు నేను, మూటలు ఆడనే నిలిచిపోతాయి గదా. గాయమైతే ఆయన అల్లినంత బిరీన చాప అల్లలేను. నాకు దొరికే దారం కొంచెమే."

"ఆయన అంత పరుగు తీస్తాడే, నువ్వెందుకు కూర్చున్నావు మరి?"

అవ్వ ముఖంలో నవ్వు పోయింది. "ఆయనకు గుండె ఉండాది బిడ్డా, తోస్తుంది. నాకు ఎవురున్నారు? పిల్ల నడిస్తే కండలు నన్ను పిసికి పైకి నెడతాయి. ఊపిరి పీలిస్తే రొమ్ము పైకి లాగుతుంది. నా కాలువ గోడ కూడా కొంచెం తోస్తుంది గానీ, నిండు కాలికి అది చాలదు. నడకే నాకు గుండె. నలభై రోజులాయె, ఈ పిల్ల ఒక్క అడుగు వేసింది లేదు. నామీద అలిగిందేమో అనుకున్నా."

సుంకికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అలగలేదవ్వా. కదిలితే నీ వల్ల చస్తుందని చెప్పి పడుకోబెట్టినారు" అంది.

"నా వల్లనా!" అని మాత్రం అంది అవ్వ.

కాలువకు అడ్డం ఎక్కడుందో చూద్దామని సుంకి కర్ర తీసుకుని అవ్వను చెయ్యి పట్టి లేపింది. ఇద్దరూ మెల్లగా కాలువ వెంట పైకి బయలుదేరారు. దారి పొడుగునా తలుపులు. ముందుకు నెడితే తెరుచుకుంటాయి, దాటాక మూసుకుంటాయి, వెనక్కి ఎంత లాగినా రావు. మోకాలు దాటి, తొడ దాటి, గజ్జల దగ్గరికి వచ్చేసరికి చిక్కుడు గింజ ఆకారంలో ఒక కోట అడ్డం వచ్చింది. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కట్టిందని మీ అమ్మ అంటుందే, ఆ బిళ్ళే ఈ కోట. కోట నిండా తెల్లని భటులు. దొర ఏట్లోనూ అక్కడక్కడా కనిపించారు గానీ, ఇక్కడ గుంపులు గుంపులుగా ఉన్నారు.

"పరాయిది! పట్టండి!" అని వందమంది ఈటెలు ఎత్తారు.

శోషవ్వ చెప్పబోయింది గానీ ఎవరూ వినలేదు. మీసాలు కూడా తెల్లగా ఉన్న దళపతి దగ్గరికి వచ్చి సుంకి చుట్టూ వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఈటె దించేశాడు.

"మా రాకుమారి తాగి పెరిగిన పాల వాసన ఈ పిల్ల ఒంట్లో ఉంది. నేను ఆ పాలు తాగి భటుడినైనవాణ్ణి, నాకు తెలియదా? పరాయి కాదురా, ఇంటిపిల్ల. దారి వదలండి!"

సుంకికి అమ్మ ఒడి గుర్తొచ్చింది. దళపతికి దండం పెట్టి కోట దాటింది.

కోట దాటిన తరువాతి తలుపు దగ్గర కాలువ నిండా ఒకడు కూర్చుని ఉన్నాడు. మెడ లేదు, నడుము లేదు, అంతా పొట్టే. తలుపుకు వీపు ఆనించి ఆవులిస్తున్నాడు.

"ఎవరది గాలి కూడా రాకుండా అడ్డం నిలబడింది? నేను తిష్ఠాసురుణ్ణి. నలభై రోజులుగా ఇక్కడ తిష్ఠ వేశాను. ఇది నా జాగా."

"లెయ్. కాలువలో కూర్చునేది ఏందిది? నీళ్ళు పోవాల."

"లేవను. నన్నెవరూ లేవమనలేదు. పాపం, ఆ పిల్ల ఎంత బుద్ధిమంతురాలు! కదలనే కదలదు."

సుంకి కర్రను వాడి కిందికి దూర్చి ఒంటి బలమంతా పెట్టి ఎత్తింది. కర్ర పుటుక్కున విరిగింది. తిష్ఠాసురుడు ఇంకోసారి ఆవులించాడు. నోట్లో గుళిక నువ్వుగింజంత అయింది. అదే సమయంలో ఎక్కడో పైనుంచి, మబ్బులు ఉరిమినట్టు, మహారాజు గొంతు వినబడింది.

"పొద్దు వాలుతోంది. కానివ్వండి. నేను చూడలేను, ముఖం తిప్పుకుంటాను."

కోతవైద్యుడు కత్తి నూరుతున్న చప్పుడు కాలు లోపలికి కూడా వచ్చింది. వెనక్కి పోదామంటే తలుపులు రావు, ముందు కొండలా వీడు. తోసే వాళ్ళు ఎవరు? అవ్వ చెప్పిన మాట గుర్తొచ్చింది. నడకే నాకు గుండె.

సుంకి కాలువ పక్కనున్న కండను రెండు చేతులా పట్టుకుని గట్టిగా గిల్లింది. వెంటనే ఇంకోసారి గిల్లింది.

ఏమీ కదల్లేదు. కువలయ భయపడుతోందేమో. నలభై రోజులుగా ఊరంతా కలిసి నూరిపోసిన భయమది, ఒక్క గిల్లుడుకు పోతుందా? సుంకి కళ్ళు తుడుచుకుని, "లే కువలా, పోదాం పద!" అని అరుస్తూ మళ్ళీ రెండుసార్లు గిల్లింది.

ఈసారి కండ కొద్దిగా బిగిసింది. పైనుంచి సన్నని గొంతు వినబడింది.

"నాన్నగారూ, నేను లేస్తాను."

"వద్దు తల్లీ! శోష వస్తుంది!"

"వస్తే రానివ్వండి. కాలుండగా ఒక్కసారి నడిచి పడిపోతాను."

మరుక్షణం లోకం తలకిందులైంది. చుట్టూ ఉన్న కండలు గట్టిగా పిసికి వదిలాయి. ఒక అడుగు! కింద ఎక్కడో ఒక తలుపు టప్ మని తెరుచుకుంది. ఇంకో అడుగు. మరో తలుపు. చీలమండ నుంచి తొడ దాకా తలుపులన్నీ టప్ టప్ మంటూ వరసగా తెరుచుకున్నాయి. నిలవ నీరు కదిలి కాలువ పట్టింది.

"ఏయ్, నిమ్మళంగా! నలుగుతున్నాను!" అని తిష్ఠాసురుడు కేకలు పెట్టాడు. నాలుగో అడుగుకు పొట్ట సగమైంది. పదో అడుగుకు గోలీ అంతయ్యాడు. "ఇక్కడ మనిషిని ఉండనిచ్చేట్టు లేరు" అని గొణుగుతూ నీటి బుడగలా పటుక్కున పగిలిపోయాడు.

శోషవ్వ నిటారుగా నిలబడింది. ఆమె నవ్వును సుంకి బతికినంత కాలం మరిచిపోలేదు. "పట్టుకో బిడ్డా!" అని కొంగు అందించింది. ఇద్దరూ నీటితో పాటు పైకి తేలిపోయారు. పొట్ట దగ్గర పాలలాంటి తెల్లని వాగు ఒకటి వచ్చి వాళ్ళలో కలిసింది.

"ఇదేందవ్వా, పాలా?"

"పొద్దున అన్నంలో వేసుకున్న నెయ్యి తల్లీ. పేగుల్లోంచి నేనే మోసుకుపోతా. అది కూడా ఎవురికీ తెలీదు."

కాలువ రొమ్ము మీదుగా పోయి, మెడకు ఎడమవైపు కింద, అడ్డంగా ఉండే ఎముక వెనక, చివరి తలుపు తెరుచుకుని ఎండుగడ్డి రంగు ఏట్లో కలిసింది. తెప్ప మీద పీతాంబర దొర ఉన్నాడు. శోషవ్వను చూసి లేచాడు.

"ఎవరీ అవ్వ? నలభై రోజులుగా నా నీరు తగ్గుతోంది. జలగలు తాగాయనుకున్నాను."

"జలగలు తాగింది కొంచెమే దొరా. నువ్వు చిందించి మరిచిపోయిన నీళ్ళే ఇవి. ఈ అవ్వ పుట్టిన్నాటి నుంచి ఏరుకోనొచ్చి నీకే ఇస్తాండాది" అంది సుంకి.

దొర మెల్లగా తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "అవ్వా, రండి, కూర్చోండి" అని తెప్ప మీద చోటు చూపాడు.

"కూర్చోను నాయనా. కూర్చోబెట్టే ఇంత పని చేసినారు" అంది శోషవ్వ.

సుంకి నోట్లో గుళిక కరిగి ఇసుక రేణువంత మిగిలింది. "దొరా, బయటికి దారి?" అని కంగారుగా అడిగింది. "పైన రెండు కళ్ళున్నాయి. నా నీటిలోంచే ఊరుతుంది కన్నీరు. ఆమె ఏడిస్తే దారి ఉన్నట్టే" అన్నాడు దొర. అంటూనే తెప్పను పైకి మళ్ళించాడు.

కువలయ గది మధ్యలో, ఎవరి చేయీ పట్టుకోకుండా నిలబడి ఉంది. శోష రాలేదు. కానీ చుట్టూ చూస్తే సుంకి లేదు. "సుంకీ, నేను లేచానే! నువ్వేదే?" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ కన్నీటి చుక్కల్లో ఒకటి గంగులమ్మ అరచేతిలో పడింది. గుళిక పూర్తిగా కరిగి, అరచెయ్యి బరువెక్కింది. చూస్తుండగానే తడిసి ముద్దయిన సుంకి, చేతిలో సగం విరిగిన కర్రతో, గది మధ్యలో నిలబడింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరి మెడ ఒకరు కావలించుకుని ఎంతసేపు ఏడ్చారో, ఎంతసేపు నవ్వారో ఎవరూ చెప్పలేరు.

సుంకి లోపల చూసిందంతా విని మహారాజు కోత ఆపించాడు. కానీ వాపు ఆ పూటకే తగ్గిపోయిందని నేను అబద్ధం చెప్పను. పడుకోవడానికి నలభై రోజులు పట్టింది కదా, నడవడానికీ అంతకాలం పట్టింది. రోజూ పొద్దున్నే ఇద్దరూ కాలువ గట్టు మీద నడిచేవారు. మొదటివారం వంద అడుగులు, తరువాత తూము దాకా, ఆ తరువాత పై ఊరి దాకా. ఒకరోజు పట్టీ మళ్ళీ చీలమండ మీద గలగలలాడింది. కోతవైద్యుడికి పట్టుబట్టలు పెట్టి, కత్తి పెట్టెలోనే ఉంచి సాగనంపారు. ధన్వాచారిని ఏం చేయాలని రాజు అడిగితే, "మాతో నడిపించండి" అంది కువలయ. ఆయన గడ్డం పట్టుకుని ఆయాసపడుతూ వెనకాల వచ్చేవాడు. నెల తిరిగేసరికి ఆయన మోకాళ్ళ నొప్పులు కూడా పోయాయి.

మహారాజు నిండు కొలువులో సుంకిని పిలిచి, "ఏం కావాలో కోరుకో తల్లీ, అర్ధరాజ్యమైనా ఇస్తాను" అన్నాడు.

"అర్ధరాజ్యం నేనేం చేసుకునేది దొరా? కొలువులో ఎవురన్నా పెద్ద మాట చెప్పినప్పుడు, 'అంటే ఏంది?' అని అడిగేదానికి ఒక మనిషిని పెట్టండి. అంతే చాలు."

ఆ మనిషిగా సుంకినే పెట్టారు. రాజ్యంలోని తూములన్నిటికీ కూడా ఆమే పెద్దనీరుగంటి అయింది. కొన్నేళ్ళకు కువలయ పట్టానికి వచ్చింది. పల్లకీ ఎక్కని రాణి అని ఆమెకు పేరు. ఊరూరా నడిచే వెళ్ళేది, పక్కన సుంకి నడిచేది. ఎవరైనా సింహాసనం మీద మరీ ఎక్కువసేపు కూర్చుంటే రెండు గిల్లుళ్ళు తప్పేవి కావు.

కథ కాలువ దిగిపోయింది. చాలాసేపు కదలకుండా కూర్చుని విన్నారు, మంచి పిల్లలు. ఇక లేవండి. నాలుగడుగులు వేయండి. మీ కాళ్ళలో ఒక అవ్వ తలుపు దగ్గర కూర్చుని ఎదురుచూస్తోంది.